అన్నయ్య కుర్చీకి కెపాసిటర్లు

మా వదిన గీసిన సర్క్యూట్‌కు వంక పెట్టడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. అయినా ఆ రోజు తప్పలేదు. అన్నయ్య చక్రాల కుర్చీకి ఆవిడ చేసిన రెండో బోర్డు కూడా ఠప్పున పేలి గదంతా కంపు కొట్టింది.

బ్యాటరీ ఇచ్చే ఇరవై నాలుగు వోల్టులను ఐదుకు దించే రెగ్యులేటర్ మాడిపోయింది. అది లేనిదే కుర్చీ కదలదు. కుర్చీ కదలకపోతే అన్నయ్య గుమ్మం దాటాలన్నా మాలో ఒకరు తొయ్యాలి. ప్రమాదం జరిగాక అన్నయ్య మమ్మల్ని కోరింది ఒక్కటే, ఎవరూ తొయ్యకుండా తిరగడం.

"మూడోది కూడా పేలిస్తే మీకో దండం. ఇంక నా జోలికి రాకండి" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

"రెగ్యులేటర్‌కు ముందున్న కెపాసిటర్లు సరిపడలేదేమో వదినా" అన్నాను.

"నిక్షేపంలాంటి సిరామిక్‌వి! రెగ్యులేటర్ గుటకేసిన ప్రతిసారీ క్షణంలో కరెంటు అందిస్తాయి. బల్ల మీద చక్కగా నడవలేదూ? నీ కళ్లెక్కడ పెట్టుకున్నావ్?"

నడిచింది నిజమే. కానీ బల్ల మీద ఆవిడ మర్యాదలు వేరు. చంటిపిల్లకు పాలు పట్టినట్టు వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతుంది. అన్నయ్యకు ఆ మర్యాదలేవీ తెలియవు. పొడుగాటి తీగ చివరి ప్లగ్గును బ్యాటరీకి ఒక్క పోటున గుచ్చుతాడు.

"మీ ఆయన చెయ్యి సంగతి నీకు తెలీదా?" అన్నాను.

వదిన రెగ్యులేటర్ లేని బోర్డుకు, వోల్టేజీని గీతగా చూపే స్కోప్ తగిలించి అన్నయ్య చేతే ప్లగ్గు గుచ్చించింది. తెర మీద గీత ఇరవై నాలుగు దగ్గర ఆగకుండా నలభై ఐదు దాకా ఎగిరి, ఊగి ఊగి దిగింది. రెగ్యులేటర్ తట్టుకునేది ముప్పై ఆరే. తీగలోంచి ఉరికొచ్చిన కరెంటును నెమ్మదింపజేసే నిరోధం ఆ సిరామిక్‌లలో లేదు.

"వీటి పక్కన కాస్త బద్ధకంగా ఉండేది కావాలి. నీలాంటిది" అంటూ వదిన డబ్బాలోంచి లోపల కాస్త నిరోధం ఉండే లావుపాటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తీసింది. అది పెట్టాక గీత ముప్పై దాటలేదు. బోర్డు పెట్టె మూత మాత్రం పట్టలేదు. తిట్టుకుంటూ మూతకు కన్నం పెట్టింది.

కొత్త రెగ్యులేటర్ అతికించాక అన్నయ్య ప్లగ్గు గుచ్చాడు. నేను చెవులు మూసుకున్నాను. ఏమీ పేలలేదు. కుర్చీ గుమ్మం దాటి వీధిలోకి తిరిగింది.

వదిన కంగారుగా చెప్పు తొడుక్కుంది. "ఏమండీ, ఎటు వెళ్తున్నారు?"

"చెప్పను" అన్నాడు అన్నయ్య, వెనక్కి చూడకుండా.

ప్రమాదం తర్వాత అతను ఎటు వెళ్తున్నాడో మాకు తెలియకపోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. వదిన తొడుక్కున్న చెప్పు విప్పేసింది.