నలభై ఒకటో బిళ్ళ

ముప్పై ఏడో ఫోను గంపలో పెట్టి, ముప్పై ఏడో రేకు బిళ్ళ గౌతమి చేతికిచ్చింది రాజ్యం. "ఉరుకు బిడ్డా, బెల్లు కొడుతున్నరు." గౌతమి చున్నీ నడుముకు చుట్టుకుంటూ మిషన్ల హాల్లోకి పరుగెత్తింది.

నాచారంలోని ఆ చొక్కాల కంపెనీలో రోజూ జరిగే తంతే ఇది. కుట్టేచోట ఫోను ఉండకూడదు. గేటు గదిలో ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ చూపించనిదే ఫోను బ్రహ్మదేవుడు దిగివచ్చి అడిగినా రాజ్యం ఇవ్వదు.

ఆమె బక్కపల్చటి మనిషి. కుడి చూపుడువేలి గోరు నడిమికి చీలి ఉంటుంది. పదహారేళ్ళు ఆమె కూడా లోపల కాలర్లు కుట్టింది. ఒకనాడు పక్క మిషను మీద ఎవరిదో ఫోను మోగితే తల తిప్పింది, సూది వేల్లోకి దిగిపోయింది. ఆ తర్వాతే ఈ గంపా, ఈ స్టూలూ వచ్చాయి. వేలు పోతేనేం, కూర్చునే నౌకరీ దొరికిందని నవ్వేది.

గంప పెట్టిన మొదటిరోజు మధ్యాహ్నం గంట కొట్టగానే నలభై మందీ ఫోన్లు లాక్కుపోయారు. ప్రహరీగోడ వెంట వరసగా నిలబడి మాట్లాడారు, మాట్లాడారు. మళ్ళీ గంట కొట్టింది. మూతలైనా తీయని టిఫిన్లతో లోపలికి పోయారు. అది చూసిన రాజ్యం మర్నాడు గంపను చంకనెత్తుకుని వెనక కానుగచెట్టు కింద కూర్చుంది.

"తిన్నంకనే ఇస్త" అంది.

దీని సొమ్మేం పోయిందని అందరూ మూతులు తిప్పారు. వారం తిరిగేసరికి ముద్ద లోపలికి, మాట బయటికి రావడం మొదలైంది. టిఫిన్లో రాలిన కానుగపూలు ఏరుకుంటారు, ఉడుతకు మెతుకులు విదిలిస్తారు, ఒకరి ఒళ్ళో ఒకరు తల పెట్టుకుని కొమ్మల సందుల్లోంచి ఆకాశం చూస్తారు. నెల తప్పిన సంగతి గౌతమి మొగుడికన్నా ముందు చెప్పింది ఆ చెట్టు కిందే. ఏ ఫోనైనా వరసగా మూడుసార్లు మోగితే మాత్రం రాజ్యమే లేచి, ఎవరిదో చూసి అందించేది. తక్కినవాళ్ళు తిన్నాక కూడా అడగడం మానేశారు.

ఆ నౌకరీ ఈరోజుతో సరి. రేపట్నుంచి ఇనుప లాకర్లు, ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గరే. పోతున్నందుకు ఆమెకు దిగుల్లేదు. రేపు మళ్ళీ గోడ వెంట నిలబడతారేమోనన్నదే ఆమె భయం.

మధ్యాహ్నం చెట్టు కింద గౌతమి ఒక డబ్బా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. విప్పితే కొత్త ఫోను. తొమ్మిదేళ్ళు నలభై ఫోన్లు కాసిన మనిషికి సొంతానికి ఒక్కటీ లేదు మరి.

"అందరి నంబర్లు ఎక్కించినం అక్కా. యాదికొస్తే నొక్కు."

రాజ్యం కళ్ళు నిండాయి. "నన్ను గింత గనం జూసుకున్నరు. మీ రుణం యాడ తీర్చుకుంట బిడ్డా" అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది.

నొక్కుతుందని అందరూ చూస్తున్నారు. ఆమె మెల్లగా చీటీ మీద నలభై ఒకటి వేసి, ఫోనుకు రబ్బరుతో చుట్టి గంపలో పెట్టింది. నలభై ఒకటో బిళ్ళ తీసి కొంగున ముడేసుకుంది.

"ముందుగాల తినుండ్రి" అంది. అందరూ పకపకా నవ్వారు.

సాయంత్రం అందరి ఫోన్లూ ఇచ్చి, సూపర్‌వైజర్ దామోదర్‌కు చెప్పి రాజ్యం బయల్దేరింది. ఉప్పల్‌లో ఘట్‌కేసర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని కొంగు ముడి తడుముకుంది. బిళ్ళ ఉంది. దేవుడు నాకు మంచి మనుషుల్నే ఇచ్చాడు అనుకుంది.

మర్నాడు గేటు గదిలో గంపలో కొత్త ఫోను చూసి దామోదర్ గౌతమిని పిలిచాడు. "ఆమె ఫోను మర్చిపోయింది పాపం. కొంచవోయి ఇయ్యరాదు?"

"బిళ్ళ లేంది ఎట్ల ఇస్తం సార్? బిళ్ళ ఆమె కొంగున ఉన్నది."

మధ్యాహ్నం గంట కొట్టింది. లాకర్లు టపటపా తెరుచుకున్నాయి. ఫోన్లు చేతబట్టుకుని ఒకరిద్దరు గోడ వైపు నడిచారు కూడా. గౌతమి గంప చంకనెత్తుకుని చెట్టు కిందికి పోయి, తన ఫోను అందులో వేసి, టిఫిన్ మూత తీసింది. ఆమె వెనకే ఇంకొకరు. గోడ వైపు పోయినవాళ్ళు వెనక్కి తిరిగారు.

గంప అడుగున, నలభై ఫోన్ల కింద, బిళ్ళ చూపించి తీసుకునే మనిషి కోసం ఆ కొత్త ఫోను అలాగే ఉంది.