లతీఫన్నా, గాయన్ని అడుగు

తొంభై ఆరులో మా వాగు పొడవునా నీటిమట్టం కొలిచే యంత్రాలు పెట్టారు. ఒక్కో దాని దగ్గర ఒక వైర్‌లెస్ సెట్టు, దానికో మనిషి. అందరికంటే ఎగువన బాలయ్య, కింద అతని అక్క గోవిందమ్మ, వాగు వంతెన దగ్గర జూనియర్ ఇంజనీరును నేను, ఖమర్‌ని. మధ్యలో గుట్ట అడ్డం, బాలయ్య మాట నాకు అందదు. గోవిందమ్మ అందుకుని నాకు చెప్పాలి.

చెబితే కదా! ఏదో పెళ్లిలో మర్యాద చేయలేదని అక్కాతమ్ముళ్లకు మూడేళ్లుగా మాటల్లేవు. అందుకని ప్రతి కబురూ గుట్ట మీది లతీఫన్న సెట్టుకే పోయేది, ఆయనే అటుది ఇటు చెప్పేవాడు. మిగతావాళ్లు కూడా అంతే, కష్టం సుఖం అన్నీ ఆయనకే. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో గీతలు గీసి ఆఫీసులో చూపించాను. “అందరి మాటా మోసే సెట్టు బ్యాటరీయే ముందు చస్తుంది, ఇంకోటి ఇవ్వండి” అని మొత్తుకున్నాను. నవ్వి ఊరుకున్నారు.

ఒక ముసురు రోజు మా అమ్మీ ఖాదర్‌బీకి ఊపిరి ఆడలేదు. తమ్ముడు మెహమూద్ జీపులో వేసుకుని వంతెన దాకా తెచ్చాడు. వాగు దాటితే నల్గొండ దవాఖాన దగ్గరే. నకిరేకల్ మీదుగా తిరిగి వెళ్లాలంటే చాలా దూరం. వంతెన మీద నీళ్లు మడమల లోతే ఉన్నాయి.

“గిన్ని నీళ్లకేనా, ఆపా? జర పోనియ్యి!” అక్కనని నన్ను బతిమాలాడు.

ఎగువన ఎలా ఉందో తెలియకుండా ఎలా పోనివ్వను? లతీఫన్నను పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఆయన సెట్టు చచ్చింది. జీపులో అమ్మీ ఆయాసం నాకు వినిపిస్తోంది.

“గోవిందమ్మా! మా అమ్మీ పోతుంది! నీ తమ్ముణ్ణి అడుగు!”

తర్వాత ఆమె గొంతు వినిపించింది. “లతీఫన్నా, మీద వాగు ఎట్లున్నదో గాయన్ని అడుగు.”

తమ్ముడి పేరెత్తకుండా ‘గాయన’ అంటూ, చచ్చిన సెట్టును అడుగుతోంది మహాతల్లి! తిట్టబోయాను. అంతలోనే మళ్లీ గోవిందమ్మ, తమ్ముడి మాట నేరుగా విన్నట్టే ఉంది.

“లతీఫన్నా, ఇన్ననని గాయనకు చెప్పు. మేడమ్, నిలువెత్తు వస్తున్నయట నీళ్లు. జీపు ఆపుండ్రి!”

జీపును నకిరేకల్ దారికి తిప్పించాను. అది మలుపు తిరిగిందో లేదో, వంతెన మునిగిపోయింది.

సాయంత్రం దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. సెట్టు పట్టుకుని ఏడుస్తూనే గోవిందమ్మకు చెప్పాను.

“లతీఫన్నా, ఖాదర్‌బీ పానం నిమ్మళంగున్నదని గాయనకు...” అని ఆగిపోయింది ఆమె. ఆ తర్వాత, “తమ్మీ, ఇన్నవా? ఖాదర్‌బీ బతికింది.”

బాలయ్య జవాబు నాకు అందలేదు. కాసేపటికి గోవిందమ్మే అంది.

“ఏడ్వకురా.”