నూకాలు పార మీద నా పగ

నేను ఒక గాజు సీసా అడుగున ఉన్న పసుప్పచ్చని నూనెను. మూడు చెంచాలకు మించి ఉండను. ఈ మూడు చెంచాల కోసం కొన్ని వందల బురద పురుగులు చచ్చాయి. వాటి ఒంట్లోని కొవ్వునే నేను. అందుకే మనుషులంటే నాకు ఒళ్లు మంట.

అందరికన్నా నూకాలంటే మరీ మంట. భీమిలి అవతల సముద్రం వెనక్కి తగ్గగానే మోకాలిలోతు బురదలో దిగి, పారతో మమ్మల్ని తవ్వేది ఆవిడే. రొయ్యపిల్లల హేచరీకి అమ్మేది. గుడ్లు పెట్టే తల్లిరొయ్యలకు మేమే విందు భోజనం. ఒకసారి మాత్రం ఓ బకెట్టు మమ్మల్ని విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే హైమవతికి ఇచ్చింది. హైమవతి ఆ పురుగుల్ని నూరి, స్పిరిట్‌లో నానబెట్టి, నన్ను బయటికి తీసింది.

గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద నన్ను చుక్క వేసింది. రెండు రోజుల్లో సగానికి పైగా చంపేశాను. ఇంకేముంది, ఎవరో ఉత్సాహంగా పత్రికవాళ్ల చెవిన వేశారు. "పురుగు నూనెతో క్యాన్సర్ మాయం" అని అచ్చయింది. ఆ తర్వాత గానీ హైమవతి మంచి కణాల మీద నన్ను వేసి చూడలేదు. వాటినీ చంపాను. తేడా చూడాల్సిన పని నాకేమిటి? రెండూ మనుషులవే కదా.

పత్రికలో పడ్డ సంగతి విని ఆ వారంలోనే నూకాలు వచ్చింది.

"అమ్మా, నా సెల్లి పైడమ్మకి రొమ్ము కేన్సరు. ఆ నూనె ఓ సెంచాడు ఇయ్యమ్మా. ఆసుపత్రి సూదులు మాన్పించేస్తాను."

నాకు పండగలా అనిపించింది. పార పట్టిన చేత్తోనే తన చెల్లెలికి నన్ను తాగించబోతోంది! హైమవతి సీసా అందుకుంది. 'ఇచ్చెయ్, ఇచ్చెయ్' అని లోలోపల గంతులేశాను.

"ఇది మంచి కణాల్నీ చంపుతోంది నూకాలూ. మందు అవుతుందో కాదో తేలడానికి ఏళ్లు పడుతుంది. సూదులు మాత్రం మాన్పించకు," అని నన్ను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. నూకాలు ఏడుస్తూ వెళ్లింది. నేను కోపంతో ఉడికిపోయాను.

ఎనిమిది నెలల తర్వాత నూకాలు మళ్లీ వచ్చింది. పక్కన పైడమ్మ, తలమీద అప్పుడే మొలుస్తున్న జుట్టుతో.

"నువ్వు ఆ నూనె ఇయ్యకపోబట్టే నా సెల్లి ఇలా నిలబడిందమ్మా. ఉట్టి సేతుల్తో ఎలా వస్తాను?" అంటూ చేతిలోని బకెట్టు బల్లమీద పెట్టింది.

బకెట్టు నిండా మావాళ్లు, ఇంకా మెలికలు తిరుగుతున్నారు.

హైమవతి కళ్లనీళ్లు తుడుచుకుని, కొత్త సీసా కడగడానికి లేచింది. కడగనీ. ఈసారి మూడు చెంచాలతో ఆగం.