దిగని పసుపు జెండా

గొర్రెల మలుపులో టైర్ల గోడని గుద్దుకుని ఆగిన నీలం రేసు కారులోంచి డ్రైవర్ ఓవెన్ ఇంకా బయటికి రాలేదు. కాలు ఇరుక్కుపోయింది. సహాయకులిద్దరు ట్రాక్ అంచున మోకాళ్ల మీద కూర్చుని కారు తలుపు కోస్తున్నారు. వాళ్లకి కాస్త ఎగువన, కంచె వెనక నిలబడి గ్లెనిస్ పసుపు జెండా ఊపుతోంది. ముందు ప్రమాదముంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటకు అని దానర్థం. ఈగలు తోలుకుంటూ, మాంసం కూరిన చల్లటి రొట్టె తింటూ ఆ మలుపులోనే జుట్టు నెరిపించుకున్న మనిషి ఆమె.

చెవిలో రేడియో గరగరలాడింది. రేసు నడిపించే అధికారి లోగన్ పైక్.

"గ్లెనిస్, జెండా దించెయ్. ఇంకా రెండు చుట్లే ఉన్నాయి. జనం రేసు చూడ్డానికొచ్చారు, ఊరేగింపు కాదు."

"ఇక్కడ మనుషులున్నారు."

"ట్రాక్ బయటేగా!"

"ఒక్క కారు జారిందంటే లోపలేంటి, బయటేంటి? దించను."

"నేను నిన్ను అడగట్లేదు, చెప్తున్నా."

"నేనూ చెప్తున్నా. అంత కావాలంటే వచ్చి నా చేతిలోంచి లాక్కో."

భుజం మండిపోతోంది. జెండా రెండో చేతికి మార్చుకుంది. ముందున్న ఎర్ర కారు నెమ్మదించింది. వెనకవాళ్లు తిట్టుకుంటూనే బారులు తీరారు. రేసు అలాగే ముగిసింది. కాలి ఎముక విరిగినా ఓవెన్ ప్రాణంతో బయటపడ్డాడు.

సాయంత్రం పైక్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"చూశావా? ఏమీ జరగలేదు. ఉత్త పుణ్యానికి రేసు పాడుచేశావు."

"ఏమీ జరక్కూడదనే కదయ్యా జెండా!"

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే గ్లెనిస్ జెండా మనుషులేసుకునే నారింజరంగు చొక్కా తొడుక్కుని అందరికంటే ముందొచ్చి నిలబడింది. పైక్ ఆమెవైపు చూడనట్టే నటిస్తూ జెండాల కట్ట డెస్మా ముందుకి చాపాడు. డెస్మా పక్క మలుపు మనిషి.

"గొర్రెల మలుపు ఇవాళ నీది."

డెస్మా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. "నాకొద్దు."

పక్కవాడూ తల అడ్డంగా ఊపాడు. ఆ పక్కవాళ్లూ అంతే. మలుపుల్లో జెండా మనుషులు లేకుండా ఒక్క కారు కూడా కదలకూడదు. అవతల ఇంజన్లు వేడెక్కుతున్నాయి, జనం ఈలలేస్తున్నారు.

"ఏం కావాలి మీకు?" పళ్లు కొరికాడు పైక్.

గ్లెనిస్ ముందుకొచ్చింది. "మలుపులో ఉన్నవాళ్లు సరే అనేదాకా పసుపు జెండా దిగదు. ఆ మాట రేడియోలో అందరికీ చెప్పు. నీ నోటితోనే."

పైక్ రేడియో తీసి గొణిగాడు.

"వినబళ్లేదు బాసూ, మళ్లీ కానీ!" అంది డెస్మా.

ఈసారి గట్టిగానే చెప్పాడు. గ్లెనిస్ అతని చేతిలోంచి జెండాల కట్ట తీసుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా మలుపు వైపు నడిచింది.

తర్వాతి సీజన్‌కి అందరికీ పిలుపులొచ్చాయి, ఆమెకి తప్ప. పిలవకపోయినా వెళ్లింది. గేటు దగ్గర ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.