అరగంట ముందు

నేను ఒక గోడ గడియారాన్ని. సెల్లు వేసిన మొదటి రోజు సరైన టైమే చూపించానని ఒట్టేసి చెబుతాను. తర్వాత జరిగిందంతా మనుషుల అతి జాగ్రత్త వల్లే.

మన్యం కొండల్లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల వరండాలో నన్ను తగిలించిన హెడ్మాస్టరు జోగారావు గారు, పిల్లలకు ఆలస్యం కాకూడదని నా ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పారు. ఆ సంగతి తెలియక వార్డెను సత్యవేణి గారు ఇంకో పది తిప్పారు. లెక్కల మాస్టరు కామేశం గారు తన వంతు పది కలిపారు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, కానీ గంట మాత్రం నన్ను చూసే కొట్టేవారు. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలవ్వాల్సిన లెక్కల క్లాసు ఐదింటికే మొదలయ్యేది. డిసెంబరు మంచులో ఆ వేళకు పక్కనున్న పిల్ల మొహం కూడా కనిపించదు.

తొమ్మిదో తరగతి సుభద్ర ఆ క్లాసులో తూగేది. వారం వారం ఆ క్లాసులోనే పెట్టే పరీక్షలో పాతికకు ఐదు దాటేవి కావు. ఇక చదువు రాదని తేల్చేసి, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని కామేశం గారు తండ్రికి కబురు పంపారు. ఆ పిల్ల నిద్ర చెడగొట్టింది నేనేనని నాకు సిగ్గేసింది.

శుక్రవారం పరీక్ష. తెల్లవారకముందే నా సెల్లు అయిపోయింది. గంట మోగలేదు, బడి బడంతా ఎండ వరండాలోకి వచ్చేదాకా పడుకుంది. పరీక్ష పది గంటలకు పెట్టారు. సుభద్రకు ఇరవై రెండు వచ్చాయి. చూసి రాసిందేమోనని మాస్టారు బోర్డు మీద ఇంకో లెక్క ఇచ్చారు. అదీ చేసేసింది. మరి ఇన్నాళ్లూ ఏమైందని అడిగారు.

"సీకట్లో నిద్దరొచ్చెస్తాది సారూ. పొద్దెక్కితే లెక్క దానికదే తెలుస్తాది."

కొత్త సెల్లు వేసి ఫోను చూసి టైము పెడుతూ, ఎప్పటిలా పది ముందుకు తిప్పమని ఒకరికొకరు చెప్పుకోవడంతో గుట్టు బయటపడింది.

"నేను పదే కదండీ తిప్పాను" అన్నారు జోగారావు గారు.

"నేనూ పదే" అన్నారు సత్యవేణి గారు.

కామేశం గారు టైంటేబులు తీశారు. లెక్కల క్లాసు తొమ్మిదిన్నరకు మార్చారు.

ఆదివారం తండ్రి సోమన్న కావిడితో వచ్చాడు. పిల్లను ఎందుకు తీసుకుపొమ్మన్నారని అడిగితే, కబురు తప్పుగా అందిందని, అమ్మాయి బాగా చదువుతోందని చెప్పడానికే రమ్మన్నానని అన్నారు మాస్టారు, అతని కళ్లలోకి చూడకుండా. ఆ మాత్రానికి ఇంత దూరం పిలవాలా అని సోమన్న గొణిగాడు. కూతురి పెట్టె మోసుకుపోదామని తెచ్చిన కావిడి ఖాళీగా భుజాన వేసుకుని కొండ దిగాడు.