ఉత్తరపు గోడకు సిమెంటు

ఇంగ్లండులోని సఫోక్‌లో మా ఊరి చర్చి కట్టి ఏడు వందల ఏళ్లయింది. దాని ఉత్తరపు గోడను పాడుచెయ్యడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ సంగతి నోటితో ఒప్పుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. ఛీ, ఏం బతుకు!

మొన్న మంగళవారం టామ్సిన్ అనే తాపీపని అమ్మాయి నిచ్చెనెక్కి ఆ గోడను సుత్తితో తట్టి చూసింది. లోపలివైపు దానిమీద పాతకాలపు బొమ్మ ఉంది. బాల యేసును భుజాన మోస్తూ ఏరు దాటే పునీత క్రిస్టఫర్. పోయిన చలికాలంలో ఆ క్రిస్టఫర్ ముఖం పెచ్చులూడి నేలమీద పడింది. దాన్ని చీపురుతో ఊడ్చి ఎత్తింది నేనే, సంఘపెద్దను కదా.

"ఏ తలమాసినవాడండీ రాళ్లమధ్య సిమెంటు కూరింది?" అని పైనుంచి కేకేసింది టామ్సిన్. "సున్నమైతే తడి పీల్చి బయటికి వదిలేది. సిమెంటుకి ఆ గుణం లేదు. నీళ్లన్నీ లోపలికి దిగి బొమ్మని తినేశాయి."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆమె దిగి, లోపలికొచ్చి, చర్చి పనుల పుస్తకం తిరగేసింది. "ఇదిగో, ఎనభై మూడు సెప్టెంబరు. ఉత్తరపు గోడ, పని చేసింది వాల్టర్ కెరిడ్జ్. ఎవరండీ ఈ మహానుభావుడు?"

పూలు సర్దుతున్న మేవిస్ చెయ్యి ఆగింది. వాల్టర్ ఆమె భర్త, మా ఊరి తాపీమేస్త్రి. పోయి పదకొండేళ్లు.

"మా ఆయన ఈ గోడకి సిమెంటు ముట్టనిచ్చేవాడు కాదమ్మా," అంది.

"పుస్తకంలో ఉందండీ, నేనేం చెయ్యను? రిపోర్టులో అదే రాస్తాను. ఆదివారం పాస్టరుగారు అందరికీ చదువుతారట."

మేవిస్ ఆ పిల్లను చూడలేదు. నన్ను చూసింది. నేను నా బూట్లు చూసుకున్నాను. ఆమె కత్తెర పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఎనభై మూడులో కోతల పండక్కి బిషప్పుగారు వస్తున్నారు. అప్పటికి గోడ తయారవ్వాలని నా పట్టు. సున్నం కలిపి, తడి గోనెలు కప్పి, మెల్లగా చేస్తే వచ్చే వేసవిదాకా పడుతుందన్నాడు వాల్టర్. "గోడకి ఊపిరాడాలి ఎడ్విన్, తొందరపడకు," అన్నాడు. "నువ్వొక్కడివేనా పనివాడివి?" అని ఎగిరిపడి, టౌన్నుంచి మనుషుల్ని రప్పించి సిమెంటు కొట్టించాను. పైనుంచి అనుమతి వచ్చింది వాల్టర్ పేరుమీద, సున్నం పనికి. అందుకని పుస్తకంలో అతని పేరే రాశాను. బిషప్పుగారు నా భుజం తట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మేవిస్ వెనకే నేనూ బయటికి వెళ్తే, ఆమె వాల్టర్ సమాధి దగ్గర ఉంది. చర్చికి ఉత్తరాన ఎండ పడదు, అక్కడ చోటు కావాలని మా ఊళ్లో ఎవరూ అడగరు. వాల్టర్ ఏరికోరి అడిగాడు. "చచ్చినా వీడి మొండితనం పోదు," అని అప్పట్లో నవ్వాను కూడా.

"మేవిస్, ఆ పుస్తకంలో..." అన్నాను.

"ఆ నెలంతా మా ఆయన వంటింట్లో కూర్చుని కుమిలిపోయాడు. నాకు తెలీదనుకున్నావా?"

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"నేను అడుగుతానంటే వద్దనేవాడు. 'ఎడ్విన్ మంచోడే, ఎప్పటికైనా తనే చెప్తాడు' అనేవాడు. ఆఖరికి ఇక్కడ పడుకోబెట్టమన్నాడు. ఎవరో ఒకరు ఈ గోడని కనిపెట్టుకుని ఉండాలిట."

ఆమె తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. "చేసిన పాపం చెబితే పోతుందంటారు..." అన్నాను.

"నాకు చెప్తే ఏం పోతుందయ్యా? నాకు తెలిసిందేగా! లోపలికి నడువు. ఆ పిల్ల సంచీ సర్దుకుంటోంది."

నడిచాను. పుస్తకం తీసుకుని వాల్టర్ పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాశాను.

"ఆ తలమాసినవాణ్ని నేనే అమ్మాయ్," అన్నాను. "రిపోర్టు రాశాక నాకియ్యి. ఆదివారం నేనే చదువుతాను."

టామ్సిన్ పుస్తకం తన వైపు తిప్పుకుని నా పేరు చదువుకుంది. మేవిస్ లోపలికొచ్చి, కత్తెర తీసుకుని మళ్లీ పూల దగ్గరికి వెళ్లింది.