చెంపదెబ్బకు సంజాయిషీ

ఆవిడ ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. మగవాళ్ల వార్డులో అందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఒక రోజు, సెలైన్ మార్చడం ఆలస్యమైందని ఒక రోగి కొడుకు ఆవిడ చెంప ఛెళ్లుమనిపించాడు. అప్పుడావిడ పక్క మంచంలో ఊపిరందని మనిషికి ఆక్సిజన్ మాస్కు పెడుతోంది. ఆ పని పూర్తిచేసి, తాపీగా వెనక్కి తిరిగి, ఇంకోసారి చెయ్యెత్తితే విరిచి రెండో చేతిలో పెడతానంది.

అతను ఫిర్యాదు రాసిచ్చాడు. రోగుల బంధువుల పట్ల సహానుభూతి కొరవడినందున నాలుగుసార్లు కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని సూపరింటెండెంటు ఆవిడకు కాగితం పంపాడు. కొట్టినవాడికి ఏ కాగితమూ వెళ్లలేదు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. నాలుగుసార్లు వెళ్లి తలాడించి వస్తే పోయేదేముందని భర్త సర్దిచెప్పబోయాడు. ఆ పూటంతా ఆవిడ అతనితో మాట్లాడలేదు.

కౌన్సెలింగ్ గది ఎక్స్‌రే విభాగం వెనకాల ఉంది. ఒకప్పటి సామాన్ల గది. రెండు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను. కౌన్సెలర్‌కు ఆవిడ చెల్లెలి కొడుకు వయసుంటుంది. ఆవిడ ఏమంటే దాన్నే మెత్తగా తిప్పి చెప్పాడు. కోపంగా ఉందంటే, మీకు కోపంగా అనిపిస్తోందన్నాడు. ఇది అన్యాయమంటే, అన్యాయం జరిగినట్టు మీకనిపిస్తోందన్నాడు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది.

"ఆపు బాబూ. నా మాటలే నాకు అప్పజెబుతున్నావ్. అనిపించడమేంటి? దెబ్బ పడింది. ఇదిగో, ఇక్కడ."

కుర్రాడి ముఖం ఎర్రబడింది. పెన్ను మూసి పక్కన పెట్టాడు. ఆవిడ లేచి వెళ్లిపోదామనుకుంది గాని, అతని చూపు గడియారం మీదకు పోలేదు. ఆవిడ మీదే ఉంది.

"నిజమే సిస్టర్, పాఠం అప్పజెబుతున్నాను," అన్నాడు చివరికి. "కొట్టింది ఆయన. తెచ్చి కూర్చోబెట్టింది మిమ్మల్ని. వింటుంటే నాకే కడుపు రగిలిపోతోంది. మీకెలా ఉందో చెప్పండి. నేనేం సరిదిద్దను."

దెబ్బ పడ్డ ఈ పది రోజుల్లో అలా అన్నవాళ్లు లేరు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. వార్డులో ముప్ఫై మంది ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. పరుగెత్తుకొచ్చిన మేట్రన్ అడిగిన మొదటి మాట, నువ్వేమన్నావ్ అని. ఆ మేట్రన్‌కు పని నేర్పింది తనే.

"వాడి నాన్నకి పక్షవాతం. రెండు వారాల నుంచి ఒళ్లు తుడుస్తున్నది నేను. వాడి భయం నాకు తెలీదా? అందరి బాధా తెలుసుకోవడం నా ఉద్యోగం. మరి నా బాధ తెలుసుకోవడం ఎవరి ఉద్యోగం?"

అతను క్షమించమనలేదు, శాంతించమనలేదు. మేట్రన్ అలా అడిగినప్పుడు మీరేం చేశారని మాత్రం అడిగాడు. సంజాయిషీ చెప్పుకున్నానంది ఆవిడ. అని, ఆగిపోయింది. అవును, చెంప పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా సంజాయిషీ చెప్పుకుంది. ఇన్నాళ్లూ లోపల తొలిచేస్తున్నది అదేనని అప్పుడు తెలిసింది. మండిపడుతూనే ఏడ్చింది.

నాలుగోసారి వెళ్లినప్పుడు అతను తన నివేదిక చూపించాడు. ప్రవర్తనలో మార్పు అన్న గడి ఖాళీగా వదిలేశాడు. ఈమెను పంపడమే పొరపాటు, దాడి మీద విచారణ జరపాలి అని కింద రాశాడు. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టుకుంటున్నావ్ బాబూ అందావిడ. పెట్టుకోనివ్వండి అని, కింద సంతకం చేశాడు.

ఆవిడ తిన్నగా మేట్రన్ గదికి వెళ్లింది.

"ఆ రోజు నువ్వేమన్నావ్ అని అడిగావ్. దెబ్బ తగిలిందా అని అడగలేదు."

మేట్రన్ తల దించుకుని ఫైళ్లు సర్దింది. ఆవిడ దాడి మీద తాను రాసిన ఫిర్యాదును బల్ల మీద పెట్టి, చెంప మీద వాత చూశానని సంతకం చేయమంది. సూపరింటెండెంటు ఊరుకోడని మేట్రన్ గొణిగింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. సంతకం పడేదాకా లేవలేదు.

విచారణకు నెల పట్టింది. ఆ కొడుకు వార్డు గుమ్మం దాటకూడదన్నారు. సూపరింటెండెంటు తన కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు గాని, తప్పయిందన్న ముక్క నోట రాలేదు. ఆయన ఎదురైతే ఆవిడ ఇప్పటికీ పక్కకు తప్పుకోదు, ఆయనే తప్పుకుంటాడు.